మా నాయన కొట్టేయించిన ఇంగ్లీషు మాట

మా చిన్నప్పుడు... మండలాఫీసు గోడ నీడలో ఒక పెద్దాయన బల్ల వేసుకుని అర్జీలు రాసేవాడు. మా వీధి బోరు ఎండిపోయింది, ట్యాంకరు కూడా రావడంలేదు. నాయన నన్ను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాడు. అప్పుడు నాది ఏడో తరగతి. కొత్తవాళ్ల ముందు నోరు పెగిలేది కాదు...

"ఇంగ్లీషులో ఉంటేనే చూస్తారప్పా" అని పెద్దాయన పేజీ నిండా రాసేశాడు.

నాయనకు చదువు రాదు. "ఏం రాసినాడో చదువు రా" అన్నాడు. కూడబలుక్కుంటూ చదివాను. చివర 'యువర్ మోస్ట్ ఒబీడియంట్ సర్వెంట్' అని ఉంది.

"ఒబీడియంట్ అంటే?" అని నాయన పెద్దాయన్ని అడిగాడు.

"మాట వినేటోడు. అయ్యా, మీరు చెప్పినట్ల చేసే నౌకరుని అని. తెల్లదొరల కాలం నుంచి అర్జీ కింద ఇదే రాస్తాండాం."

నాయన ఇంకుప్యాడు మీద పెట్టబోయిన వేలు వెనక్కి తీసుకున్నాడు. చిన్నతనంలో ఆయన ఒక పెద్దరైతు ఇంట్లో జీతానికి ఉన్నాడు... పశువుల కొట్టంలోనే పడుకునేవాడు.

"నీళ్లు అడిగేకి వచ్చినా. జీతానికి కుదిరేకి రాలే. కొట్టెయ్ ఆ మాట."

"తిక్కనా నీకు? అది ల్యాకుంటే లోపల తీసుకోరు. నీ పంతానికి వీధంతా ఎండల్లనా?"

నాయన బల్ల మీది పెన్ను తీసి నా చేతికిచ్చాడు. ఆ వరుసంతా కొట్టేసి, కింద నాయన పేరు తెలుగులో రాశాను. ఆయన వేలిముద్ర వేశాడు.

లోపల గుమాస్తా కాగితం చూసి "ఎవరు కొట్టేసింది?" అన్నాడు.

"నేనే సార్" అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు.

"వేరేది రాయించుకొని రాపో."

"అడిగింది పైన ఉండాది సార్, అది చదవండి" అని నాయన అక్కడే బండ మీద కూర్చున్నాడు. సాయంత్రం తాళాలు వేసే ముందు సీలు గుద్ది తీసుకున్నారు.

ట్యాంకరు ఎనిమిది రోజులకు వచ్చింది. ఆ మాట ఉంటే ముందే వచ్చేదని వీధిలో కొందరు తిట్టారు. నాయన లెక్కచేయలేదు. నేనూ చేయలేదు.

చాలా ఏళ్లకు ఒక ఇంగ్లీషు సారు చెప్పారు... లాటిన్‌లో ఆ మాట 'చెవిపెట్టి వినడం' నుంచే పుట్టిందట. అంటే నీళ్లు లేవని మొత్తుకునేవాళ్లే చెవిపెట్టి వినాలన్నమాట, వినాల్సిన ఆఫీసువాళ్లు కాదు...

ఇప్పుడు అర్జీ ఫోన్‌లోనే. 'షరతులన్నిటికీ ఒప్పుకుంటున్నాను' అని టిక్కు పెడితేగాని ముందుకు కదలదు. కొట్టేసే వీలే లేదు...

సంతకం దగ్గర చెయ్యి వెనక్కి తీసుకున్నవాళ్లు మీ ఇంట్లోనూ ఉన్నారా? వాళ్ల గురించి రాయండి. ఎంత పొడుగున్నా చివరిదాకా చదువుతాను.