మూడు నెలలకి రాలిన జుట్టు

తమ్ముడు పోయిన రోజు నేను ఏడవలేదు. వాడి బైకుని లారీ గుద్దిందని ఫోన్ వచ్చేసరికి కంకిపాడులో మా బళ్లో ఏడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. నాన్న లేరు. అమ్మ గుండెకి స్టెంట్ వేసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నేను కూలబడితే ఆవిడ కూడా దక్కదని భయమేసింది. ఆసుపత్రి దగ్గర్నుంచి పెద్దకర్మ దాకా అన్నీ నేనే నిలబడి చూసుకున్నాను. "నీది రాతిగుండె తల్లీ," అన్నారొక బంధువు. మెచ్చుకున్నారో, ఎత్తిపొడిచారో తెలియలేదు. ఆ మర్నాడే బడికి వెళ్లిపోయాను.

మూడు నెలలకి జుట్టు ఊడటం మొదలైంది. దువ్వెన పెడితే గుప్పెడు వచ్చేది. తలంటుకుంటే బాత్రూములో తూము మూసుకుపోయేది. అమ్మ కంటపడకుండా ఆ వెంట్రుకలు కాగితంలో చుట్టి, బడికి వెళ్తూ దారిలో పారేసేదాన్ని. నూనె మార్చాను, షాంపూ మార్చాను. పాపిట వెడల్పవుతూనే ఉంది. "టీచర్, మీకు జ్వరం వచ్చిందా?" అనడిగింది ముందు బెంచీ పిల్ల.

ఒక ఆదివారం అమ్మ ఉతకడానికి నా దిండు గలీబు తీసింది. దానికి అంటుకున్న వెంట్రుకలన్నీ ఏరి, గుప్పిట్లో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"రేపు సెలవు పెట్టవే. డాక్టరుకి చూపిద్దాం," అంది.

గవర్నర్‌పేటలో చర్మవ్యాధుల డాక్టరు రక్తపరీక్షలు చూసి, "ఇందులో ఏ లోపమూ లేదండీ," అన్నారు. "రెండు మూడు నెలల కిందట ఏమైనా జరిగిందా? పెద్ద జ్వరం, ఆపరేషను, మనసుకి బాగా కష్టం కలగడం..."

"ఏం లేదండీ," అన్నాను.

పక్క కుర్చీలోంచి అమ్మ అంది, "నా కొడుకు చచ్చిపోయాడు బాబూ. దీని తమ్ముడు."

అమ్మ నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

డాక్టరు కలం పక్కన పెట్టారు. "దిగులు వల్ల ఇలా జరగొచ్చండీ. ఆ దెబ్బకి చాలా వెంట్రుకలు పెరగడం మానేస్తాయి, కొన్నాళ్లకి రాలిపోతాయి. చాలామందికి జుట్టు మళ్లీ వస్తుంది. టైము పడుతుంది."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. జనం పక్క నుంచి ఎక్కుతూ దిగుతూనే ఉన్నారు. అక్కడ ఏడ్చాను, వెక్కిళ్లొచ్చేదాకా. అమ్మ నా తల నిమరబోయి, వెంట్రుకలు చేతికి వస్తాయని కాబోలు, చెయ్యి వెనక్కి తీసుకుని భుజం మీద వేసింది.

ఇది జరిగి ఏడాదిన్నర. జుట్టు చాలావరకు వచ్చింది, పలచగా. ఇప్పుడు ఇంట్లో వాడి గురించి మాట్లాడుకుంటున్నాం. ఒక్క సంగతి మాత్రం డాక్టరుకీ చెప్పలేదు, అమ్మకీ చెప్పలేదు. అమ్మ మాత్రలు అయిపోయాయి, వెళ్లి తెమ్మని ఆ రోజు వాడికి ఫోన్ చేసింది నేనే.

"అసలా ఎండలో వాడు బండేసుకుని ఎందుకు బయల్దేరాడే?" అని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

"తెలీదమ్మా," అంటాను.