అడ్డంగా ఉన్న చిన్న గోరీ

ఆ గదిలో ఉయ్యాల ఉందని ముందే తెలిస్తే నేను కారు దిగేదాన్నే కాదు.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ కుప్పకూలుతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. మేం పెర్త్‌లో, కానింగ్ వేల్‌లో అద్దెకుండేవాళ్ళం. ఒక బ్యాంకు పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసే పని మీద మా ఆయన గుంటూరు నుంచి వచ్చాడు. నడుముకి పేజర్ లేకుండా ఆయన్ని చూసిన గుర్తు లేదు నాకు. ఆ చలికాలంలోనే మాకు పాప పుట్టింది. ఒక్క పూట బతికింది. నేను ఆస్పత్రి మంచం మీద ఉండగానే ఆయనా, మసీదులో పరిచయమైన మరికొందరూ పాపను తీసుకెళ్ళి మట్టిచ్చి వచ్చారు. వచ్చి నా పక్కన కూర్చున్నాడో లేదో, పేజర్ మోగింది.

ఆ మోతతో నాలో ఒక పురుగు చేరింది. ఈ హడావుడి మనిషి పాపను సరిగ్గా పడుకోబెట్టాడా? మాలో గోరీలో మనిషిని కుడిపక్కకి ఒత్తిగిల్లినట్టు పెట్టి, ముఖం కిబ్లా వైపు, అంటే నమాజుకి నిలబడే వైపు, తిప్పుతారు. నా బిడ్డ ఎటో ముఖం పెట్టుకుని, మనవాళ్ళెవరూ లేని నేలలో ఒంటరిగా ఉందేమో అనుకుంటే ముద్ద దిగేది కాదు. ఆయన్ని అడిగేదాన్ని కాదు. ఏమో, గమనించలేదు అంటాడని భయం. నమాజు మానేశాను. పాప దగ్గరికి వెళ్దాం రమ్మని ఆయన పిలిచినప్పుడల్లా తలనొప్పి అనేదాన్ని.

వసంతంలో ఆఫీసువాళ్ళు ఆయన పని మెచ్చుకుని, ఒక పాత ఫార్మ్‌హౌస్‌లో రెండు రోజులు ఉండి రమ్మని కూపన్ ఇచ్చారు. పెర్త్ నుంచి తూర్పుగా, గోధుమ పొలాల మధ్య. వెళ్ళే దారిలో ఒకచోట నేలంతా ఉప్పు తేలి తెల్లగా ఉంది. అందులో ఎండిన చెట్లు బెరడు ఊడిపోయి నిలబడి ఉన్నాయి. ఒక్క పిట్ట లేదు. "బాగుంది కదా, పీస్‌ఫుల్‌గా," అన్నాడు మా ఆయన. శ్మశానం కూడా పీస్‌ఫుల్‌గానే ఉంటుంది అన్నాను.

ఇంటావిడకి డెబ్బై దాటి ఉంటాయి. వాళ్ళ ముత్తాత ఈ అడవి కొట్టి పొలం చేశాడట. ఆ వంశంలో ఇక్కడ మిగిలింది తనొక్కతే. పొలం కౌలుకిచ్చి ఇంటిని బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ చేసింది. బేకన్, అంటే పంది మాంసం, మాకు పనికిరాదని ముందే ఫోన్‌లో చెప్పినందుకు కొత్త పెనం కొని ఉంచింది, అది మాత్రం మెచ్చుకోవాలి. మా గదికి తీసుకెళ్ళి, "మా ముత్తవ్వ గది ఇది, ఏదీ మార్చలేదు," అంది గర్వంగా. మంచం పక్కన నల్లటి చెక్క ఉయ్యాల. నేను అడుగు వేయగానే పాత చెక్కనేల కిర్రుమంది, ఉయ్యాల దానంతటదే ఊగింది. ఆగాక మా ఆయన అడుగు వేశాడు. మళ్ళీ ఊగింది. ఆయన నా ముఖం చూసి, దాని మీద తన కోటు కప్పేశాడు. కోటుతో సహా ఊగింది.

టీ తాగాక ఆవిడ మాకు తన పెద్దల ఆస్తి చూపించింది. షెడ్డులో గొర్రెల బొచ్చు కత్తెరలు, చెక్క నాగలి, ఒంటె మీద వేసే జీను. "బంగారు గనులకి సామాను మోసే ఒంటెలవాళ్ళు మా బావి దగ్గరే ఆగేవాళ్ళు. అందరూ ఆఫ్ఘన్లు అనేవాళ్ళు వాళ్ళని," అంది. తర్వాత ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ ఇనుప కంచెలో వరుసగా సమాధులు, వాటిలో రెండు ముత్తవ్వ పిల్లలవి. వరుస చివర, తెల్లరాళ్ళు చుట్టూ పేర్చిన చిన్న దిబ్బ ఒకటి, మిగతావాటికి అడ్డంగా, అదీ కాస్త వంకరగా ఉంది.

"ఇదే మా తిరిగే పాప," అందావిడ గొంతు తగ్గించి. "ఎవరి బిడ్డో తెలీదు. మా ముత్తాత రాళ్ళు తీసి వరుసలో సరిగ్గా పేర్చేవాడట. తెల్లారేసరికి మళ్ళీ అడ్డంగా ఉండేవట. లోపల పాప తిరుగుతోంది, జోలికి పోవద్దు అని మా ముత్తవ్వ చెప్పేదట. చివరికి ఆయనా భయపడి వదిలేశాడు. నేను ఇప్పటికీ ఆ కొసకి వెళ్ళను. నన్నూ ఇక్కడే పెడతారు కదా, దాని పక్కనే. అదే నా దిగులు."

నాకు ఒళ్ళు మండింది. పసిబిడ్డ గోరీ చూపించి వచ్చిపోయేవాళ్ళకి దెయ్యం కథలు చెబుతారా? గదికి వచ్చేశాను.

పొద్దు వాలుతుండగా మా ఆయన అసర్ నమాజుకి చాప పరిచాడు. దాని అంచుకి కుట్టిన దిక్సూచి చూసుకుని, పడమటి నుంచి కొంచెం ఉత్తరానికి జరిపాడు. గోడకి సరిగ్గా లేకుండా గదిలో వంకరగా పడింది చాప. నేను కిటికీ దగ్గర ఉన్నాను. బయట ఆ చిన్న దిబ్బ కనబడుతోంది. చాప పై అంచు వైపు చూశాను, దిబ్బ వైపు చూశాను. రెండూ ఒకే వాలు. చాప మీద నిలబడ్డ మనిషి ముఖం ఎటుందో, ఆ మట్టిలో కుడిపక్కకి ఒత్తిగిల్లిన బిడ్డ ముఖమూ అటే.

చెప్పుల్లేకుండానే పరిగెత్తాను.

నన్ను చూసి ఇంటావిడ కంచె దాకా వచ్చి ఆగిపోయింది. నేను దిబ్బ దగ్గర కూర్చుని సలాం చెప్పాను. ఎన్నాళ్ళకో ఫాతిహా ప్రార్థన చదివాను, రెండుసార్లు తప్పి మొదటికొచ్చాను. లేచాక ఆవిడకి చెప్పాను. "ఈ బిడ్డ తిరగలేదండీ. మావాళ్ళని ఇలాగే పడుకోబెడతారు. ఎవరో తెలిసి, దిక్కు చూసుకుని పెట్టారు."

"ఒంటెలవాళ్ళు," అందావిడ. కంచె దాటి నా దగ్గరికి వచ్చింది. "మరి రాళ్ళు? రాళ్ళెవరు తిప్పారు?"

ఆవిడకే తట్టింది. "పాప తిరుగుతుందని చెప్పింది మా ముత్తవ్వే," అంది మెల్లగా. "ఇద్దరు పిల్లల్ని పక్కనే పెట్టుకున్న మనిషి. మొగుడు చెడగొడితే తనే మళ్ళీ సర్దేదన్నమాట. దెయ్యమని చెప్పి కాపలా కాసింది."

ఒకరి చేయి ఒకరం పట్టుకున్నాం. "ముఖం ఎటు ఉంటుంది?" అని అడిగింది. చూపించాను. ఆవిడ మోకాళ్ళు పట్టుకుంటూ చుట్టూ తిరిగి ఆ వైపు వెళ్ళి, పాపకి ఎదురుగా గడ్డిలో కూర్చుంది.

మా ఆయన నమాజు ముగించుకుని వచ్చి కంచె దగ్గర నిలబడ్డాడు. ఇక ఆపుకోలేకపోయాను.

"ఏమండీ, మన పాపని ఎలా పడుకోబెట్టారు?"

ఆయన పేజర్ తీసి కంచె గుంజ మీద పెట్టాడు. నా కాళ్ళ దగ్గర ఎర్రమట్టిలో ఉత్తరానికి తల పెట్టి, కుడిపక్కకి ఒత్తిగిల్లి పడుకున్నాడు. మోకాళ్ళు కొంచెం ముడుచుకున్నాడు. చెంప నేలకి ఆనించాడు.

"ఇలా," అన్నాడు. "నేనే దిగాను లోపలికి. ఎవరినీ ముట్టనివ్వలేదు. చెంప కింద మట్టి గరుకుగా ఉంటుందని, రాళ్ళు ఏరేసి, చేత్తో మెత్తగా చేశాను. అడుగుతావని రోజూ చూశాను."

నేనూ ఆయన పక్కన అదే మట్టిలో పడుకున్నాను, అటే ముఖం పెట్టి. అక్కణ్ణుంచి పెర్త్‌కి బయల్దేరినప్పుడు ఇంటికి వద్దన్నాను. ముందు పాప దగ్గరికి పోనివ్వమన్నాను.