బోర్డుకు గడ్డి పెట్టిన మా వదిన

మా వదిన పోయింది. అరకు కొండల్లో ఒంటిచేత్తో బడి నడిపిన మనిషి, మన్యం జ్వరంతో కన్ను మూసిందని సంతకు దిగిన కొండవాళ్ళు నాకు కబురు తెచ్చారు. నా ఏడుపు ఇంకా ఆగకముందే తాలూకా బోర్డు ఆఫీసు బంట్రోతు వచ్చాడు. సాయంత్రం సంతాప సభ ఉందనీ, కుటుంబం తరఫున నేను రెండు మాటలు చెప్పాలనీ అన్నాడు. బతికున్నన్నాళ్ళూ ఆవిడ మాట వినడానికి తీరిక లేని పెద్దలకు, పోగానే ఎంత తీరిక దొరికిందో చూడండి. నేను ఆ సభకు వెళ్ళలేదు. ఆ రెండు మాటలూ ఇక్కడ రాస్తున్నాను. రెండుకు మించితే పాఠకులు మన్నించాలి.

నేను కొండ కింది ఊళ్ళో బోర్డువారి ఆడపిల్లల బడిలో పంతులమ్మని. ఇది అచ్చులో చూశాక నన్ను పనిలో ఉంచుతారో తీసేస్తారో వాళ్ళ ఇష్టం. మా బడికి పెంకుల కప్పు ఉంది, అద్దాల కిటికీలు ఉన్నాయి, చుట్టూ ప్రహరీ గోడ ఉంది. బాగున్న ఆ గోడను పడగొట్టి మళ్ళీ ఎందుకు కట్టారో కంట్రాక్టరుగారికే తెలియాలి. ఆయన బోర్డు ప్రెసిడెంటుగారి బావమరిది. ఇంతకీ ఈ సొమ్మంతా ఎక్కడిది? చాలామటుకు కొండ సంతల్లో వసూలు చేసే ఆశీలు. చింతపండు బుట్ట దించితే పన్ను, పసుపు మూట విప్పితే పన్ను. పన్ను కట్టేటప్పుడు కొండవాడు బోర్డు మనిషే. బడి కావాలన్నప్పుడు మాత్రం అడవి మనిషి అయిపోతాడు.

వదిన మిషను బడిలో చదువుకుంది. మా అన్నయ్య సువార్త పని మీద కొండెక్కితే వెంట వెళ్ళి, అక్కడి బోర్డు బడిలో పంతులమ్మగా చేరింది. అన్నయ్య అక్కడే జ్వరంతో పోయాక దిగి వచ్చేయమని అందరం బతిమాలాం.

"దిగొచ్చి ఏటి సేత్తానే? మీ ఇంట్లో వంటా? నా బడి గుంటలు ఇప్పుడిప్పుడే గుణింతాల కాడికి వచ్చారు. మధ్యలో ఒగ్గేసి రమ్మంటావేటి?" అంది నాతో. మా అమ్మ నాకు పెళ్ళి చేసి చదువు మాన్పించాలని చూసినప్పుడు కూడా ఈ మాటే అంది, మధ్యలో ఒగ్గేయకూడదని. ఈ రోజు నేను తినే తిండి ఆవిడ పెట్టిందే. ఆవిడంటే నాకు ప్రాణం.

ఒకసారి వానాకాలంలో ఆవిడ దగ్గరికి వెళ్ళాను. బడి కప్పు గడ్డిది. ఆ గడ్డి కుళ్ళి బయట కురిసే వానంతా లోపలే కురుస్తోంది. పిల్లలు ఆకులతో అల్లిన గిడుగులు నెత్తిన పెట్టుకుని, కారని చోటు వెతుక్కుంటూ తరగతి తరగతంతా జరుగుతున్నారు. పలక మీద చినుకు పడి అక్షరం చెరిగిపోతే వదిన మళ్ళీ రాయించేది. "మంచిదేలే, వీళ్ళకి సెయ్యి బాగా తిరుగుతాది," అని నవ్వేది. ఆ ముందు నెలలోనే ఒక మెంబరుగారు తనిఖీకి వచ్చారట. డోలీలో నిద్రపోతూ వచ్చారు, బడి ముందు దింపితే ఒక కన్ను తెరిచారు, మళ్ళీ మూశారు. బడి పరిస్థితి తృప్తికరంగా ఉందని రిపోర్టు ఇచ్చారు. డోలీ కప్పు కారదు కదా!

వదినకు ఒక అలవాటుండేది. కోపం పెరిగిన కొద్దీ మర్యాద పెరిగేది. మాట మాటకీ 'అండి' తగిలిస్తోందంటే అవతలివాళ్ళ పని అయిపోయిందని మాకు అర్థం.

ఒక ఏడు గాలివానకు ఆ కుళ్ళిన కప్పు కూడా ఎగిరిపోయింది. గడ్డికి ఎన్ని అర్జీలు పెట్టినా బోర్డు ఉలకలేదు, పలకలేదు. "బడికి గడ్డి ఎయ్యరు కాబట్టి, నేనే ఎల్లి వాళ్ళకి గడ్డి పెట్టొత్తాను," అని వదిన బయలుదేరింది. అక్కడి ఊరిపెద్దనూ, పిల్లల తల్లులనూ వెంటబెట్టుకుని ఘాటీ దారి దిగి వచ్చి బోర్డు ఆఫీసు వరండాలో కూర్చుంది. లోపల మీటింగు. బయటికి ఉప్మా వాసన.

ప్రెసిడెంటుగారు గుమ్మం దాకా వచ్చారు. "ఏమమ్మా, కొండ పిల్లలకు అక్షరాలెందుకు? వాళ్ళు వచ్చేది నువ్వు పోసే అంబలి కోసం," అన్నారు. వెనక మెంబర్లు నవ్వారు.

వదిన చేతులు కట్టుకుంది. "నిజమేనండి. అంబలి పోస్తున్నానండి. తాగి అక్షరాలు కూడా నేర్చుకుంటున్నారండి. తమరి మెంబర్లు ఉప్మా కోసం వస్తారో, ఊరి పని కోసం వస్తారో నాకు తెలీదండి. ఉప్మా అయిపోయినట్టుందండి. పని ఎప్పుడు మొదలెడతారండి?"

తల్లులకు తెలుగు అంతంతమాత్రం. ఊరిపెద్ద వాళ్ళ భాషలో చెప్పగానే వరండా అంతా ఘొల్లుమంది. పేదవాళ్ళ కన్నీళ్ళు చూసి చలించని పెద్దమనుషులు, పేదవాళ్ళు నవ్వేసరికి కంగారుపడ్డారు. ఆ ఏడు గడ్డి వచ్చింది. అడిగిన పెంకులు రాలేదు, రెండో పంతులు రాలేదు. ఆవిడ జ్వరంతో పడుకున్న రోజుల్లో పిల్లలు మంచం చుట్టూ కూర్చుని పాఠం అప్పజెప్పేవారు.

ఇప్పుడు ఆవిడ లేదు. సంతాప సభలో కళ్ళు తుడుచుకున్న బోర్డు, అదే పూట ఇంకో తీర్మానం చేసింది. తగిన మనిషి దొరికేదాకా ఆ బడి మూసి ఉంచాలట. తగిన మనిషంటే జ్వరం రానివాడు, జీతం అడగనివాడు, నోరు లేనివాడు అని నేను అర్థం చేసుకున్నాను. అయితే ఆవిడ జ్ఞాపకార్థం బడి ముందు ఒక చలువరాయి నిలబెట్టాలట. దానికి మాత్రం డబ్బు ఉంది. రాతి మీద ప్రెసిడెంటుగారి పేరు, బిరుదులు బెత్తెడేసి అక్షరాల్లో చెక్కించారు. మా వదిన పేరు అడుగున, చిన్నగా, అదీ తప్పుగా. మోకులు కట్టి ఆ రాయిని ఘాటీ ఎక్కించింది కొండవాళ్ళే. వెట్టికే.

వారం తిరక్కుండా వాళ్ళే దాన్ని దింపుకొచ్చారు. మా బడి కిటికీలోంచి చూసి పరుగెత్తుకెళ్ళాను. ఆఫీసు గుమ్మానికి అడ్డంగా రాయి పడుకోబెట్టి మోకులు విప్పుతున్నారు.

"ఏమిట్రా ఇది?" అని గుమాస్తా అరిచాడు.

"మీ రాయే బాబూ," అన్నాడు ఊరిపెద్ద. "మా గుంటలకి రాయి పాటం సెప్తాదేటి? పంతుల్ని పంపండి. రాయిని మళ్ళీ మేవే ఎక్కించుకుంటాం. అందాకా ఇక్కడే ఉంటాది."

బంట్రోతులంతా కలిసి పట్టినా అది కదల్లేదు. నిన్న మీటింగు రోజు. మెంబర్లు ఒక్కొక్కరే పంచెలు ఎగగట్టి రాయి దాటారు. ప్రెసిడెంటుగారు భారీ మనిషి. బంట్రోతు భుజం పట్టుకుని, తన పేరు మీదే కాలు మోపి లోపలికి వెళ్ళారు. పక్కనే ఊరిపెద్ద గొంతుక్కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. దాటే ప్రతివాడినీ తల ఎత్తి, మెల్లగా ఒకటే అడుగుతున్నాడు.

"పంతులొత్తాడా బాబూ?"