నిద్రపోయే చేతి కొలత

మా అమ్మ నాకు వంట కన్నా ముందు ఒకటి నేర్పింది. ఉప్పు ఎవరికీ చేతికివ్వకూడదు. గిన్నె కింద పెట్టి పక్కకు జరగాలి, కావలసినవాళ్ళు వాళ్ళే తీసుకోవాలి. చేతికిస్తే ఆ ఇద్దరికీ కొట్లాట అవుతుందట. పెళ్ళయి అశోక్‌నగర్‌లో కాపురానికొచ్చాక మా ఆయన నాకు మొట్టమొదట నేర్పిందీ అలాంటిదే. కాకపోతే ఆయన చెప్పింది ఉప్పు గురించి కాదు, పిస్తోలు గురించి.

"చేతిలకెల్లి చేతికియ్యరు. మూత తెరిచి, లోపల గుండు లేదని చూపెట్టి, బల్ల మీద పెట్టాలె. ఎనకకు జరగాలె. అప్పుడు రెండో మనిషి తీసుకోవాలె" అన్నాడు.

"ఉప్పు లెక్కనా?" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి "ఉప్పు లెక్కనే" అన్నాడు. ఆ మాటతో నాకు ఆ మనిషి మీదున్న భయం సగం పోయింది.

భయం ఉండదా మరి. కరెంటు ఆఫీసులో గుమాస్తా, నోట్లో నాలుక లేని మనిషి అని చెప్పి పెళ్ళి చేశారు. వచ్చి చూస్తే బీరువాలో నా పట్టుచీరల పక్కన పిస్తోలు. అది గాలి ఒత్తిడితో పనిచేసే పోటీల పిస్తోలనీ, పది మీటర్ల దూరంలో అట్ట మీదున్న నల్ల చుక్కను కొట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదనీ ఎంత చెప్పినా మా అమ్మ వినలేదు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా బీరువా వైపు కాళ్ళు పెట్టకుండా చాప తిప్పి పడుకునేది.

తొంభైల మొదటి రోజులవి. మాది మేడ మీద రెండు గదుల కిరాయి ఇల్లు, ముందు పొడుగాటి వరండా. ఆఫీసు నుంచి వచ్చి టీ తాగాక ఆయన వరండాలో నిలబడి, ఖాళీ పిస్తోలు ఎత్తి, ఎదురుగా తెల్ల గోడను గురి చూసేవాడు. గుండు ఉండదు, చప్పుడుండదు. ఎత్తడం, ఊపిరి బిగబట్టడం, దించడం. ఎదురు మేడ హాస్టల్లో ఊళ్ళ నుంచి సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకోవడానికి వచ్చిన పిల్లలు పుస్తకాలు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుండేవాళ్ళు. "ఈ గల్లీల అందరు ఒక్క తీరుగనే ఉన్నరు, ఏదో ఒకటి పట్టుకొని గోడకు చూసుడే" అనేది ఇంటి ఓనరమ్మ.

ఆయన క్లబ్బు అంబర్‌పేట్ అవతల ఒక రేకుల షెడ్డు. అక్కడ జరిగే రాష్ట్ర పోటీలో ఒక గీత ఉంటుంది. ఆ గీత దాటిన స్కోరు తెచ్చుకున్నవాళ్ళు ఢిల్లీలో జరిగే పెద్ద పోటీకి వెళతారు. మా ఆయన ఏటా ఆ గీతకు కొంచెం ఇవతలే ఆగిపోయేవాడు. ఏటా చలికాలంలో మిగతావాళ్ళు రైలెక్కుతుంటే స్టేషన్‌కు వెళ్ళి, వాళ్ళ పెట్టెలు మోసి, పూరీల పొట్లం చేతిలో పెట్టి, రైలు కదిలేదాకా నిలబడి వచ్చేవాడు. మొదటి ఏడు ఆయన వెంట నేనూ వెళ్ళాను. రైలు పోయాక ఆ ప్లాట్‌ఫారం మీద ఆయన మొహం చూసి, మళ్ళీ ఏడు వెళ్ళలేదు.

గురి తెలియక కాదు. ఇంట్లో, క్లబ్బులో ఆ చెయ్యి బండలా ఉండేది. పోటీ రోజు మాత్రం పిడిని గట్టిగా పిసికేసేవాడు, దాంతో చెయ్యి వణికేది. "పట్టు వదులు చెయ్యన్నా" అని క్లబ్బులో అందరూ చెప్పేవాళ్ళు. ఈయన తలూపేవాడు, మళ్ళీ పిసికేవాడు.

నేను ఆ షెడ్డులో అడుగు పెట్టింది సీసపు గుండ్ల మూలంగా. పిడత బోర్లించినట్టుండే బుల్లి గుండ్లు, డబ్బాల్లో వస్తాయి. కింది అంచు కాస్త నొక్కుకుపోయినా గుండు దారి తప్పుతుంది. క్లబ్బులో పెద్ద పిస్తోళ్ళ వాళ్ళు పేలిన తూటాల గొట్టాలు ఏరుకుని, క్లబ్బు గదిలోనే మళ్ళీ మందు నింపించుకుని వాడుకునేవాళ్ళు. మా సీసపు గుండుకు రెండో జన్మ లేదు. ఉన్న ఒక్క జన్మా తిన్నగా ఉండాలంటే ముందే ఏరుకోవాలి. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు స్టీలు పళ్ళెంలో పోసి, వెలుతురుకు పెట్టి, వంకరవి తీసేసేదాన్ని. ఆయనకు కనపడని సొట్టలు నాకు కనపడేవి. తరవాత సబ్బుతో చేతులు కడుక్కోమని వెంటపడేవాడు, సీసం మంచిది కాదని.

ఒక రోజు నాకు కోపం వచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఏరేది నేను, కొట్టేది మీరా?" అన్నాను. ఆ ఆదివారం నన్ను స్కూటర్ ఎక్కించుకుని తీసుకెళ్ళాడు.

షెడ్డులో పద్ధతులు అత్తగారింటి కన్నా ఎక్కువ. పిస్తోలు మూతి ఎప్పుడూ అట్ట వైపే ఉండాలి. పిస్తోలెత్తి నిలబడ్డ మనిషిని పలకరించకూడదు, 'మంచిగ కొట్టు' అని కూడా అనకూడదు. పక్కవాడి అట్ట వైపు చూడకూడదు. అయిపోయాక కుడి పక్కవాడికీ ఎడమ పక్కవాడికీ చెయ్యి కలపాలి, ఓడినా సరే. అన్నిటికన్నా కష్టమైనది ఇంకొకటి: కొట్టి వచ్చిన మనిషిని స్కోరు ఎంత అని ఎవరూ అడగకూడదు. ఆ మనిషి తనంతట తాను చెప్పాలి. నా నోట్లో నువ్వుగింజ నానదు, నాకెక్కడ కుదురుతుంది అనుకున్నాను.

కొట్టడం మాత్రం కుదిరింది. కుదరనిది పిడి. పోటీ పిస్తోలు పిడి కట్టెది. ఎవరి అరచేతికి వాళ్ళు ఆకురాయితో అరగదీసుకుని, లోతు కావలసినచోట లప్పం పెట్టుకుని, చెయ్యి అందులో చెప్పులో పాదంలా కూర్చునేట్టు చేసుకుంటారు. ఆయన పిడి ఆయన పెద్ద అరచేతికి ఏళ్ళ తరబడి అరిగి, మెరిసి, ఆయన చేతి గీతలు కూడా దిగినట్టుండేది. నా చేతిలో అది బిందెలా తిరిగేది. వేలు మీటను అందుకునేది కాదు. "ఇది ఎలుగుబంటి చేతికి చేసింది, నాతోని కాదు, నేను మానుకుంటున్న" అని విసుక్కున్నాను.

మర్నాడు నారాయణగూడలో నేను పంతులమ్మగా చేసే బడి నుంచి ఇంటికి వచ్చేసరికి బల్ల మీద పేపరు, పేపరు మీద కట్టె పొట్టు, మధ్యలో పిస్తోలు. ఆయన జుట్టు నిండా పొట్టే. నన్ను చూసి బల్ల దగ్గర నుంచి వెనక్కి జరిగాడు.

"తీసుకో" అన్నాడు.

తీసుకున్నాను. ఎవరో నా చెయ్యి పట్టుకున్నట్టు కూర్చుంది. ఒక్క క్షణం సంతోషం, ఆ తరవాత పిడి తిప్పి చూశాను. ఆ నునుపంతా పోయింది. ఆయన బొటనవేలికి పడ్డ గుంట పోయింది.

"మీకు?" అన్నాను.

"నేను సర్దుకుంట."

"ఎట్ల సర్దుకుంటరు? కోసిన కట్టె మళ్ళ మొలుస్తదా? మీకు జరంత బుద్ధున్నదా?"

"ఇన్నేండ్ల సంది కొడుతున్న, ఆ రైలు నాకు దొరుకలే. నీ చెయ్యి వణుకుతలేదు. నీకు దొరుకుతది" అన్నాడు, పొట్టు ఊడుస్తూ. నేను ఏడుస్తూ తిట్టాను, తిడుతూ ఏడ్చాను. ఆయన ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తూ కూర్చున్నాడు.

ఆయన అన్నట్టే అయింది. మరుసటి ఏడు ఆడవాళ్ళ పోటీలో నేను గీత దాటాను. ఆయన సంతోషం చూడాలి. చిక్కడపల్లిలో మిఠాయి కొని గల్లీ అంతా పంచాడు, హాస్టల్ పిల్లలతో సహా. ఇంటికి వచ్చి "ఢిల్లీ రైలు పొద్దుగాల్ల ఉంటది కదా, ఆ రోజు పూరీలు నేనే కట్టిస్త. స్టేషన్ల పెట్టె నేను మోస్త" అన్నాడు.

ఇంతకాలం పరాయివాళ్ళ రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషి ఇప్పుడు నా రైలు కోసం నిలబడతాడు. అదీ తన పిడి నా చేతికి కోసిచ్చి. మగవాళ్ళ పోటీ ఇంకా కొన్ని వారాలుంది. పేరు ఇచ్చాడు గానీ నా పిడితో ఆయనకు వేళ్ళు కూడా పూర్తిగా పట్టవు. కొత్త పిడి చేయించుకోండి అంటే "నాకెందుకు ఇంక" అని నవ్వేవాడు. అడిగి లాభం లేదనుకున్నాను.

చిక్కడపల్లి మార్కెట్ వెనక ఒక వడ్రంగి దగ్గర, నా పిడి ఊడదీసి చూపించి, అలాగే పిస్తోలుకు బిగేట్టు ఒక టేకు మొద్దు చేయించాను. ఆదివారం మధ్యాహ్నం మామిడికాయ పప్పు తిని ఆయన నిద్రపోయాడు. చపాతీ పిండి గట్టిగా కలిపి, మొద్దు చుట్టూ మందంగా మెత్తి, మెల్లగా ఆయన కుడి చేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూశాను. కళ్ళు తెరవకుండానే "చపాతీలా?" అన్నాడు. "ఆఁ, పడుకోండి" అన్నాను. ఆ చెయ్యి అలా పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పెళ్ళయి అన్నేళ్ళలో ఆ చేతిని అంత తీరిగ్గా నేనెప్పుడూ చూడలేదు.

పిండి ఆరకుండా తడిగుడ్డ చుట్టి టిఫిన్ డబ్బాలో వడ్రంగి దగ్గరికి పట్టుకెళ్ళాను. "ఏందక్కా ఇది?" అన్నాడు. "మా ఆయన చెయ్యి" అన్నాను. వడ్రంగి భయపడి డబ్బాకు దూరంగా జరిగాడు. విషయం చెప్పి, ఈ అచ్చులాగే టేకులో చెక్కమన్నాను.

పోటీకి వారం ముందు కొత్త పిడి బిగించి, పిస్తోలు బల్ల మీద పెట్టి, వెనక్కి జరిగాను. "తీసుకోండి."

ఆయన పట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని బిగించాడు. మొహం అదోలా పెట్టాడు.

"కొలత ఎప్పుడు తీసినవ్?"

"మీరు పండుకున్నప్పుడు."

ఆయన పిస్తోలు బల్ల మీద పెట్టేసి కుర్చీలో కూలబడి నవ్వాడు, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా. ఎవరైనా పిడి కొలత ఇచ్చేటప్పుడు గురి పెట్టినట్టే నిలబడి, చెయ్యి చాచి, కండ బిగించి ఇస్తారు. బిగించిన చెయ్యి వేరు, నిద్రపోయే చెయ్యి వేరు. అరచెయ్యి చదునుగా ఉంటుంది, వేళ్ళు వదులుగా ఉంటాయి. "నిద్రల పిస్తోలు కొట్టెటోడు లోకంల ఎవడన్న ఉంటడానే?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పిడి ఊడదీసి పొయ్యిలో పెడతానన్నాను. ఆయన నా చేతికి అందకుండా పెట్టెలో పెట్టి తాళం వేశాడు. "ఉండనియ్. నువ్వు చేపిచ్చినవ్, దీనితోనే కొడత" అన్నాడు. నన్ను సంతోషపెట్టడానికి ఈ ఏడాది కూడా పోగొట్టుకుంటున్నాడని నాకు ఇంకా ఏడుపొచ్చింది.

పోటీ రోజు ఆయన వెనక, ప్రేక్షకుల బెంచీ మీద, నోరు మూసుకుని కూర్చున్నాను. మొదట్లో ఆయన అలవాటు కొద్దీ బిగించడం, కట్టె అంచు అరచేతిలో గుచ్చుకుని దించెయ్యడం కనిపించింది. రెండు మూడుసార్లు అలాగే దించాడు. నేను చీర కొంగు నములుతున్నాను. తరవాత ఆయన పిస్తోలు బల్ల మీద పెట్టి, చెయ్యి కిందికి వేలాడేసి, కాసేపు ఊరికే నిలబడ్డాడు. మళ్ళీ ఎత్తాడు. ఆ చేతిని నేను గుర్తుపట్టాను. చపాతీ పిండి పట్టుకుని నిద్రపోయిన చెయ్యి. మణికట్టు మీద నరం తేలలేదు. ఇంక అది చివరిదాకా అలాగే ఉంది.

అయిపోయాక పిస్తోలు మూత తెరిచి, పోటీ నడిపించే రేంజ్ ఆఫీసర్‌కు చూపించాడు. ఇరుపక్కల వాళ్ళకు చేతులు కలిపాడు. స్కోర్లు లెక్కపెట్టే గదిలోకి ఒక్కడే వెళ్ళి, వచ్చి "పోదాం పా" అన్నాడు. మొహం చూసి ఏమైనా తెలుస్తుందా అంటే, ఆ మొహం జీతం అందినా జ్వరమొచ్చినా ఒకేలా ఉంటుంది.

అడగకూడదు. అంబర్‌పేట్ దాటాం, అడగలేదు. నల్లకుంట దగ్గర స్కూటర్ ఆపి టమాటలు కొన్నాడు, నేను సంచి పట్టుకున్నాను, అడగలేదు. నారాయణగూడలో ఇరానీ హోటల్లో ఒక చాయ్ ఇద్దరం పంచుకున్నాం. సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు. అప్పుడూ అడగలేదు. నా జీవితంలో నేను అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అదొక్కసారే.

ఇంటికి వచ్చి చారు కాచాను, ధ్యాస ఎక్కడుందో. అన్నం పెట్టాను. ఆయన ఒక ముద్ద తిని ఆగాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

ఉప్పు గిన్నె తెచ్చి, ఆయన పళ్ళెం పక్కన పెట్టబోయాను. ఆయన అరచెయ్యి చాచాడు. ఎర్రగా కమిలి ఉంది, పిడి అంచు గుచ్చుకున్న చోట.

"చేతిలనే ఇయ్యి" అన్నాడు.

"కొట్లాట అయితది."

"కానియ్. ఢిల్లీ దాక రైలుల ఇద్దరమే కూసోవాలె. పొద్దు పోవద్దా మరి?"

నేను ఉప్పు ఆయన చేతిలోనే పెట్టాను. పెట్టాక ఆ చెయ్యి వదలలేదు.