పట్టినవాడే అనాల్సిన మాట

గ్లెన్ వార్డెల్ సాబ్ ఇక లేరు. పోయిన గురువారం క్యాంపు ఆఫీసులో అమెరికా స్టాంపు ఉన్న కవరు నా చేతికిచ్చారు. ఎప్పట్లాగే ఏదో కుస్తీ ఫోటో పంపి ఉంటారనుకుని నడుస్తూనే చింపాను. రాసింది ఆయన కాదు, ఆయన అక్కగారు ఎడిత్. మూడు వారాలు ఆస్పత్రిలో ఉండి తమ్ముడు కన్నుమూశాడని మొదటి వాక్యంలోనే ఉంది. షార్జా ఎండలో నిలబడి ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివాను. నా ఇంగ్లీషు తప్పు కావాలని జీవితంలో మొదటిసారి కోరుకున్నాను. నిండా యాభై ఏళ్లు లేని మనిషి. వజ్రకాయుడు. మృత్యువు ఆయన్ని ఏ పట్టుతో పడగొట్టిందో నాకిప్పటికీ అంతుపట్టడం లేదు.

ఉత్తరం చివర ఆమె ఒక మాటకు అర్థం అడిగింది. తమ్ముడు ఆఖరున అన్న మాట అదేనట. ఇంగ్లీషు కాదు, అది ఊరి పేరో మనిషి పేరో మీకు తెలిసి ఉంటుందేమో, అని రాసింది. ఆ మాట ‘ఖలాస్’. ఈ ఎడారిలో దిగిన ప్రతి కూలీ మొదటి రోజే నేర్చుకునే మాట. అయిపోయింది, చాలు, వదిలెయ్ అని అర్థం. ఆ ఒక్క ముక్క రాసి పంపితే ఆమె ప్రశ్నకు జవాబు అయిపోతుంది. కానీ ఆయన నోట్లో ఆ మాటకు వేరే చరిత్ర ఉంది. అది తెలిసినవాళ్లం ముగ్గురమే. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన జన్మచేత రైతుబిడ్డ, విద్యచేత మల్లుడు, వృత్తిచేత మట్టిపని సూపర్‌వైజర్. పందుల్ని పెంచి మొక్కజొన్న పండించే పల్లెలో పుట్టి, కుస్తీ పుణ్యమా అని కాలేజీ మెట్లెక్కారు. కుస్తీ పట్టేవాడికి చదువు చెప్పే దేశం ఒకటుందని విని నేను నిట్టూర్చాను, ఎందుకంటే నా ఇంటర్మీడియట్ రెండుసార్లు తప్పడానికి కారణం హైదరాబాదు పాతబస్తీలోని ఒక తాలీం, అంటే కుస్తీ గోదా. తెల్లవారుజామున ఆ మట్టిలో దొర్లి, మధ్యాహ్నం తరగతిలో నిద్రపోయేవాణ్ణి. ఆఖరికి కంపెనీలో టైంకీపర్నయ్యాను, అంటే అందరి చేతా తిట్లు తినే ఉద్యోగమన్నమాట.

ఆయన చెవులు రెండూ చితికి, ముడుచుకుపోయి ఉండేవి. ఏళ్ల తరబడి అవతలివాడి తలకు రాసుకుని అలా అవుతాయి. మావాళ్లకు ఆ సంగతి తెలియక, పుట్టుకతోనే అంతేమో పాపం అనుకుని, ‘గోబీ సాబ్’ అని చాటుగా పేరు పెట్టారు. ఒకరోజు ఆయన నన్ను పిలిచి గోబీ అంటే ఏమిటని అడిగారు. మెస్సుకు తీసుకెళ్లి కాలీఫ్లవర్ కూర చూపించాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వారు. వాళ్ల దేశంలో కూడా అలాంటి చెవుల్ని ఆ పువ్వు పేరుతోనే పిలుస్తారట. ఆ రోజు నుంచి తన హెల్మెట్ మీద తానే ‘గోబీ’ అని రాసుకున్నారు.

ప్రతి శుక్రవారం ఉదయం, ఇండస్ట్రియల్ ఏరియాలో మా క్యాంపు వెనక, వడ్రంగి షెడ్డు నుంచి తెచ్చిన రంపపు పొట్టు పోసి పైన టార్పాలిన్ పరిచి మాకు కుస్తీ నేర్పేవారు. మొదటి శుక్రవారమే తాలీం పొగరు కొద్దీ నేను ముందుకెళ్లాను. రెప్పపాటులో బోర్లా పడ్డాను. పడేసినవాడు నన్ను తిప్పి, వీపు నేలకానించి చిత్ చేస్తాడని చూస్తే, ఆయన నా వీపు మీద కొండలా కూర్చుండిపోయారు. ఎటు లేవబోతే అటు ఆయన చెయ్యి ముందే ఉండేది. తమ కాలేజీ కుస్తీలో పడెయ్యడం సగం పనేననీ, పడేసినవాణ్ణి లేవనివ్వకుండా పట్టి ఉంచడం తక్కిన సగమనీ తరవాత చెప్పారు. ఫ్రీస్టైల్ అనే ఇంకో పద్ధతిలో అవతలివాడి వీపు నేలకు తిప్పడమే ముఖ్యమట. ‘రెండిట్లోనూ పట్టే ప్రాణం’ అనేవారు. పోటీలకు ముందు ఒంటి బరువు తగ్గించుకోవడానికి రబ్బరు చొక్కాలు తొడుక్కుని ఆవిరి గదుల్లో పరుగెత్తేవాళ్లమని చెబితే, మా మేస్త్రీ ఓదెలు, “గా రబ్బరు అంగి ఎందుకు సాబ్, ఎండల్ల ఈడికొస్తె సరిపోతుండె గద” అన్నాడు. ఓదెలుది జగిత్యాల దగ్గరి పల్లె. జన్మలో కుస్తీ పట్టినవాడు కాదు. టార్పాలిన్ పక్కన కూర్చుని బీడీ కాలుస్తూ మమ్మల్ని ఎగతాళి చెయ్యడమే అతని వ్యాయామం.

ఆయన ఈల వాడేవారు కాదు. ఇసుక పడి ఈల పాడవుతుంది కాబట్టి అనుకునేవాణ్ణి. పట్టు వదలాల్సినప్పుడు ‘ఖలాస్’ అనేవారు. ఆ మాట వినబడిన మరుక్షణం, ఎంత కసిమీద ఉన్నా, చేతులు విప్పెయ్యాలి. ఆలస్యమైతే భుజాలు విరుగుతాయని హెచ్చరించేవారు. రెండేళ్ల సాధనతో నా చేతులకు అది ఎంత అలవాటైందంటే, మెస్సులో వంటవాడు ‘రోటీ ఖలాస్’ అంటే చేతిలో పళ్లెం జారేది. అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ణి. అది నవ్వుకునే సంగతి కాదని ఒక వేసవి మధ్యాహ్నం తెలిసింది.

కొత్త రోడ్డు కింద మురుగు పైపులు వేస్తున్నాం. రెండు నిలువుల లోతు కందకం. సముద్రం దగ్గర కావడంతో అడుగున ఎప్పుడూ నీరు ఊరుతుంది. పంపు ఆగకుండా తోడుతుంటేనే ఇసుక గట్టిగా నిలబడుతుంది, పంపు ఆగిందా, ఊబే. నెల్లూరు మస్తాన్ పైపు అతుకు బిగించడానికి కిందికి దిగి ఉన్నాడు. ఉన్నట్టుండి పంపు బెల్టు తెగింది. మస్తాన్ కేక విని మేము అంచు దగ్గరకు చేరేసరికి అతను నడుము దాకా దిగబడి ఉన్నాడు. కదిలినకొద్దీ కూరుకుపోతున్నాడు.

గ్లెన్ సాబ్ ఎవరితోనూ సంప్రదించలేదు. ఒక పొడవాటి చెక్కను కందకంలో ఏటవాలుగా దింపి, దానిమీద తలకిందులుగా బోర్లా పాకి, మస్తాన్ చంకల కింద నుంచి చేతులు పోనిచ్చి వీపు వెనక వేళ్లు పెనవేశారు. ఆయన మా మీద వేసే పట్టే అది. ఆ చెక్క తడిసి జారిపోతోంది. ఆయన ఒక కాలు నేను పట్టుకున్నాను, ఇంకొక కాలు ఓదెలు పట్టుకున్నాడు. క్రేన్ డ్రైవరు భోజనానికి వెళ్లాడు. కొత్త బెల్టు కోసం ఒకతను స్టోరుకు పరుగెత్తాడు. ఇసుక మస్తాన్ రొమ్ము దాకా వచ్చింది.

“సాబ్, ఒదిలేయండి సాబ్, మీరు గూడా పోతారు” అని మస్తాన్ ఏడుస్తున్నాడు. సాబ్ వేళ్లు ఇంకా బిగించారు. ఆయన మెడ మీద నరాలు తాళ్లలా ఉబ్బడం నాకు కనిపిస్తోంది. మట్టి కూలకుండా కందకం అంచుకు పెట్టిన ఇనుప పలక ఒకటి మా పక్కనే కిర్రుమంటూ వంగడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే ముదీర్, అంటే మా కంపెనీ మేనేజరు, కారు దిగాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. పలక విరిగితే ఒక్కడు కాదు, నలుగురు పోతారు. ఆ లెక్కతోనే ఆయన గొంతు చించుకుని అరిచాడు: “ఖలాస్. ఖలాస్. అందరూ బయటికి.”

నా చేతులు విడిపోయాయి.

నేను వదలాలనుకోలేదు, ఆ మాట చెవిన పడిందంతే. నేను ఆలోచించేలోపే నా పది వేళ్లూ విచ్చుకున్నాయి. సాబ్ చెక్క మీద జరజర జారి, ముఖం తడి ఇసుకలో చెంప దాకా దిగబడింది. మస్తాన్ గడ్డం మునిగింది. ఆ ఇద్దరి బరువూ ఓదెలు ఒక్కడి చేతిలో వేలాడింది. ఓదెలుకు ఏ గురువూ ఏమీ నేర్పలేదు కాబట్టి వాడి చేతులకు ఖలాస్ అంటే తెలియదు.

“రాజన్నా, పట్టు. పట్టు రాజన్నా, నీ కాళ్లు మొక్కుత” అన్నాడు ఓదెలు.

పట్టుకున్నాను. ఎలా పట్టుకున్నానో గుర్తులేదు, నా గోళ్లు ఆయన బూటు తోలులో దిగిన గుర్తులు మాత్రం తరవాత చూశాను. ఎంతసేపు అలా ఉన్నామో ఎవరమూ సరిగ్గా చెప్పలేం. పలక వంగుతూనే ఉంది. ఓదెలు కొండగట్టు అంజన్నను తలుచుకుంటున్నాడు, కింద మస్తాన్ కల్మా చదువుతున్నాడు. నేనేమీ తలుచుకోలేదు. ఎవరు ఏమన్నా విననని నా చేతులకు చెప్పుకుంటున్నాను. ఆఖరికి ఎక్కడో పంపు దగ్గింది, ఆగింది, మళ్లీ దగ్గి అందుకుంది. నీరు తగ్గేకొద్దీ ఇసుక బిగిసింది. అంచున పలకకు దుంగలు ఆనించి, తాళ్లతో మనుషులు దిగి, చేతులతో తవ్వి ఇద్దర్నీ పైకి లాగారు.

పైకొచ్చాక కూడా గ్లెన్ సాబ్ చేతులు మస్తాన్ వీపు వెనక పెనవేసుకునే ఉన్నాయి. వేళ్లు కొయ్యబారిపోయాయి. ఇద్దరు పట్టి లాగినా రాలేదు. మస్తాన్ ఆయన కౌగిలిలోనే ఉండి, “నేను బతికే ఉండాను సాబ్” అన్నాడు. ఆయన తన చేతులకేసి చూసుకుని, అలసిపోయిన పశువును అదిలించినట్టు మెల్లగా, “ఖలాస్” అన్నారు. అప్పుడు విడిపోయాయి.

ఆ సాయంత్రం నేను ఆయన గదికి వెళ్లాను. క్షమాపణ చెప్పాలనుకుని వెళ్లి గుమ్మంలో తల దించుకుని నిలబడ్డాను. ఆయన రెండు చేతులూ గోరువెచ్చని నీళ్ల బకెట్టులో ముంచి కూర్చుని ఉన్నారు. కూర్చోమన్నారు. అప్పుడు చెప్పారు, ఈల ఎందుకు వాడరో.

కాలేజీలో ఉండగా దేశం మొత్తం మీద రెండోవాడిగా నిలిచిన మనిషి ఆయన. తరవాత ఫ్రీస్టైల్‌లో అమెరికా జట్టును ఎంపిక చేసే పోటీలకు వెళ్లారు. పెద్ద హాలు, పక్కపక్కనే నాలుగైదు బరులు, అన్నిటి మీదా ఒకేసారి కుస్తీలు. ఆఖరుకు ముందు పోటీ. అవతలివాడి ఒక భుజం నేలకు ఆనింది, రెండోది ఆనబోతోంది. ఈల వినిపించింది. ఆయన వదిలేశారు. ఆ ఈల పక్క బరిలోది. అవతలివాడు తిరగబడి పైకొచ్చాడు, కాలం ముగిసింది, ఒక్క పాయింటుతో ఓడిపోయారు. ఆ తరవాత రెండేళ్లు పోటీలకు వెళ్లారట గానీ, ఏ పట్టు పట్టినా మనసు ఈల కోసం ఎదురుచూసేదట. కుస్తీ మానేసి, ఇల్లొదిలి ఈ ఎడారికొచ్చారు.

“చేతికి చెవులుండకూడదు రాజ్” అన్నారు. “నా చేతులకున్నాయి. ఇవాళ నీ చేతులకూ ఉన్నాయి, తప్పు నీది కాదు, నేర్పింది నేను. కానీ నువ్వు మళ్లీ పట్టుకున్నావు. నాకు ఆ అవకాశం దొరకలేదు.”

నేను ఏడ్చాను. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఆ మరుసటి శుక్రవారం నుంచి మా పద్ధతి మారింది. ఖలాస్ అని గురువు అనడు, చూసేవాడు అనడు, ముదీర్ అరిచినా లెక్కలేదు. పట్టు ఎవరిదో వాడే అనాలి. కింద ఉన్నవాడు నొప్పి అని చేత్తో తట్టాలి, అది తెలుసుకుని పైవాడు తన నోటితో ఖలాస్ అని, అప్పుడు వదలాలి. మొదట్లో తికమకపడ్డాం. ఓదెలు మాత్రం, “గిప్పుడు మంచిగున్నది, ఇడిచెటోడే ఇడుస్త అంటడు” అని ఒప్పుకుని, ఆ రోజే మొదటిసారి బీడీ పారేసి టార్పాలిన్ మీదికొచ్చాడు. రెండు నిమిషాల్లో నన్ను పడేశాడు కూడా.

కాంట్రాక్టు అయిపోయి సాబ్ వెళ్లిపోయాక మా కుస్తీలు కొన్నాళ్లు సాగి ఆగిపోయాయి. ఆ స్థలంలో ఇప్పుడు గ్యారేజీ ఉంది. మస్తాన్ ఇక్కడే పైపుల పని చేస్తున్నాడు. కబురు చెప్పగానే తన చంకల కింద చేత్తో తడుముకున్నాడు. అక్కడ మచ్చ ఏమీ లేదు. ఇలాంటి మనుషులు పోతే వాళ్ల చోటు ఖాళీగానే ఉంటుందని పెద్దలు ఎందుకంటారో నాకు అప్పుడు తెలిసింది.

ఎడిత్ గారి ఉత్తరంలో ఇంకొక వాక్యం ఉంది. ఆఖరి రెండు రోజులూ తమ్ముడి చెయ్యి పట్టుకుని కూర్చున్నానని, ఒక్క క్షణం కూడా తాను వదల్లేదని, ఆ మాట అన్న కాసేపటికి అతని వేళ్లు వాటంతటవే సడలాయని రాసింది.

జవాబు రాశాను. అమ్మా, అది ఊరి పేరు కాదు, మనిషి పేరు కాదు. మా దగ్గర పట్టు ఎవరిదో వాళ్లే అనే మాట అది. మీరు ఆయన చెయ్యి పట్టుకున్నాననుకున్నారు. పట్టుకున్నది ఆయన. మీ భయం తీరేదాకా ఆగి, ఇక వదలొచ్చని తెలుసుకుని, చెప్పి మరీ వదిలారు.

ఆ కవరు నాలుగు రోజులుగా నా చొక్కా జేబులోనే ఉంది. పోస్టు డబ్బా దాకా రోజూ వెళ్తున్నాను, లోపల పెట్టి వేళ్లు తియ్యలేక వెనక్కి తెచ్చుకుంటున్నాను. పట్టు నాది కాబట్టి మాట నేనే అనాలి. నాకింకా నోరు రావడం లేదు సాబ్.