పడమటి బజారు దాకా

2025. చైనా మనవాళ్లకు టూరిస్టు వీసాలు మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టిన ఏడాది. చిక్కడపల్లిలో ఒక స్వీటు షాపు పైన మా ట్రావెల్స్ ఆఫీసు. ఏళ్ల తరబడి జనాన్ని దేశాలు తిప్పుతున్నాను. ఏ దేశమైనా సరే, మనవాళ్ల మొదటి ప్రశ్న ఒకటే: పెరుగన్నం దొరుకుతుందా? అందుకే షియాన్ వెళ్లాలంటూ వచ్చిన ఆ దంపతులు తిండి ఊసే ఎత్తకపోతే నాకు వింతగా అనిపించింది.

రఘునందన్ గారు విద్యుత్ శాఖలో చేసి రిటైరయ్యారు. భార్య ప్రమీల గారు నారాయణగూడలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పేవారు. ఇల్లు అశోక్‌నగర్‌లో. షియాన్ ఒకప్పుడు చైనా రాజధాని, అప్పట్లో దాని పేరు చాంగాన్. ఆ ఊరు పాఠం చెప్పడమే గానీ ఆవిడ ఎన్నడూ చూడలేదు.

నేను ఐటినరరీ, అంటే ఏ రోజు ఏం చూడాలో రాసుకునే పథకం, చదవడం మొదలుపెట్టగానే ఆవిడ చెయ్యెత్తి ఆపేశారు.

"కోటగోడ తర్వాత చూద్దాం తమ్మీ, అది చానా తర్వాత కట్టిన్రు. ముందు పడమటి బజారు. పరదేశి వర్తకులంతా అక్కడ్నే దిగెటోళ్లు. పొద్దుగూకితే డోలు కొడ్తరు, పేటల గేట్లన్నీ మూస్తరు. మళ్ల తెల్లారి డోలు కొట్టెదాక ఎక్కడోళ్లు అక్కడ్నే."

"ఇప్పుడు గేట్లు లేవు మేడం, మెట్రో ఉంది," అన్నాను. హాయిగా నవ్వారు. మరుసటి వారం వచ్చినప్పుడు మాత్రం నన్ను చూసి, "ఈయనెవరు?" అని భర్తను అడిగారు.

"జర మతిమరుపు, అంతే," అన్నారాయన, నా వైపు చూడకుండా.

ట్రావెల్ ఇన్సూరెన్సులో 'ప్రీ ఎగ్జిస్టింగ్ డిసీజ్' అని ఒకటి అడుగుతారు. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బు అన్నమాట. అది అడిగేసరికి ఆయన మొహం ముడుచుకుంది.

"మంచిగ బయలెల్లేటప్పుడు రోగాల ముచ్చటెందుకు తమ్మీ? ఏం లేదని రాయి."

నేను రాయలేదు. డాక్టరు కాగితం తెమ్మన్నాను. తెస్తానన్నారు గానీ తేలేదు.

తర్వాత ఒక సాయంత్రం రఘునందన్ గారు ఫోన్ చేశారు. "ప్రమీల మీ ఆఫీసుకొచ్చిందా?" బండి తీసి వాళ్ల అపార్ట్‌మెంటుకు వెళ్లాను. వాచ్‌మన్ బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

"సంచి పట్టుకోని పోతుండె సార్. ఊరికి పోతున్న అన్నది. బయలెల్లే మనిషిని ఎక్కడికని ఎట్ల అడుగుత? అపశకునం గాదా?"

అతన్ని ఏమనగలను? మా అమ్మ నన్నూ అలాగే పెంచింది. ఆవిడకు జబ్బుందని తెలిస్తే కచ్చితంగా ఆపేవాడు. తెలియదు. ఆ బిల్డింగులో ఒక్కరికీ తెలియదు.

'ఊరికి' అంటే ఆవిడకు ఇంకే ఊరు? చాంగానే, అక్కడి బజారే. "నారాయణగూడ దిక్కు పోదాం సార్, మేడం కాలేజీ అక్కడే, బజారూ అక్కడే," అని ఆయన్ని వెనక ఎక్కించుకున్నాను. మార్కెట్ దగ్గర, షట్టరు దించిన ఒక దుకాణం మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఒళ్లో సంచి. చుట్టూ ఆటోల రొద.

"డోలు కొట్టిన్రు, గేటు మూసిన్రు," అన్నారు మమ్మల్ని చూసి. "కదలొద్దు. కదిల్తే పట్టుకపోతరు."

"ప్రమీలా, ఇది నారాయణగూడ! లే, ఇంటికి పోదాం!" అంటూ ఆయన చెయ్యి పట్టి లాగారు. ఆవిడ భయంతో గోడకు కరుచుకుపోయారు. జనం పోగవుతున్నారు. ఆయన ఆవిడ చెయ్యి వదిలేసి, అరచేత్తో షట్టరు మీద దబదబా బాదారు.

"తెల్లారింది," అన్నారు. "గేటు తీసిన్రు."

ఆవిడ బుద్ధిగా లేచారు. నేను బండి తోసుకుంటూ, ముగ్గురం నడిచే వెనక్కి వచ్చాం. దారిలో ఆవిడ భర్త వైపు చూసి, నా చెవి దగ్గరికి వంగారు. "ఎవరో పరదేశి ఆయన. మంచోడు. మన ఊరు ఎరుక లేకున్నా తోడొస్తున్నడు."

గుసగుసే గానీ ఆయనకు వినబడింది. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని నడిచారు.

ఆ వారంలోనే ఆయన ఒంటరిగా వచ్చి ప్రయాణం రద్దు చేయమన్నారు.

"ఆ ఊరు చూస్తే మనిషి మళ్ల మొదటి లెక్క అయితదనుకున్న. ఎవ్వరికీ చెప్పలే. చెప్తే నిజమైతదని భయం." వాచ్‌మన్‌కు ఇప్పుడు చెప్పారట. పక్కింటి వాళ్లకూ చెప్పారట.

జబ్బు పేరు పలకకపోతే జబ్బు పోదు, పలకనివాడు ఒంటరివాడవుతాడు. ఈ కేసు నాకు నేర్పింది అదే. ఇప్పుడు ఆరోగ్యం ప్రశ్న దగ్గర ఎవరు తడబడినా పెన్ను పక్కన పెట్టి, టీ తెప్పించి, వాళ్లు నోరు విప్పేదాకా కూర్చుంటాను. అపశకునమని తిట్టినవాళ్లూ ఉన్నారు, పడతాను.

ఆ రోజు ఆయన వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగారు.

"తమ్మీ, చాంగాన్ గురించి నాకు జర రాసిస్తవా? పరదేశినైతి గదా. ఆ ఊరి సంగతులు తెల్వకపోతే ఆమెతోని ఇగ ఏం మాట్లాడాలె?"