దేవుడి మీద చెయ్యెత్తని వియ్యంకుడు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కోట అనే ఊళ్ళో ఉండే మా వియ్యంకుడు గారు ప్రభువునందు నిద్రించారని పొద్దున్నే ఫోనుకు మెసేజి వచ్చింది. మా ఊరు మనుబోలు నుంచి వెళ్ళాను, గుప్పెడు మట్టి వేశాను, తిరిగొచ్చాను. అక్కడితో సరిపోయేది. కానీ తర్వాత పెట్టిన జ్ఞాపకార్థ కూడికలో మైకు పట్టుకున్న ప్రతివాడూ నేనెరగని మనిషినెవరినో పొగిడాడు. "కడపటి దినాల్లో ఆయన బైబిలు తప్ప మరొకటి ముట్టలేదు" అన్నారు పాస్టరు గారు. ముట్టలేదట. బంధువులంతా తలలూపారు. ఆ తర్వాత పెట్టిన బిర్యానీ కూడా నాకు సయించలేదు. అంత రోత పుట్టాక రాయక తప్పలేదు.

ఆయన ముట్టారు. వీడియో గేము ముట్టారు. సంఘ పెద్ద అయ్యుండీ, డెబ్బై దాటాక, రోజూ ముట్టారు.

అది మా అల్లుడు తనకోసం కొనుక్కున్నది. జపాను వాళ్ళ పాతకాలపు కథల ఆట. నలుగురిని వెంటేసుకుని ఊరూరా తిరగాలి, దారిలో ఎదురైన మృగాలతో వంతులవారీగా కొట్లాడాలి, లోకాన్ని చెరుపుతున్నవాడెవడో కనిపెట్టి చివర్న వాణ్ణి చంపాలి. అల్లుడు చిన్నప్పుడు ఆడాలనుకుని ఆడలేకపోయినవాటికి ఇప్పుడు రంగులు దిద్ది, పాటలకు కొత్త వాయిద్యాలు పెట్టి మళ్ళీ అమ్ముతున్నారు. రీమాస్టర్ అంటారట. వాడికి తీరిక లేక టీవీ కింద పడి ఉంటే, గుండె ఆపరేషనై ఇల్లు కదలలేని తండ్రి చేతికి చిక్కింది. రొయ్యల మేత కొట్టు మూసేశాక ఆయనకు పొద్దుపోయేది కాదు. పైగా చూపు మందగించి తెర మీది ఇంగ్లీషు అక్షరాలు ఆనేవి కావు. అందుకని నాకు కబురొచ్చింది. పిల్లనిచ్చిన చోట రమ్మంటే రానంటామా? గూడూరులో బస్సు మారి వెళ్ళేవాణ్ణి. మీటలు నొక్కడం ఆయన వంతు, చదివి తెలుగులో చెప్పడం నా వంతు.

మొదటిరోజే నాకు అసహ్యం వేసింది. మీసం మొలవని కుర్రాడికి లోకాన్ని కాపాడే పని. రంగులు చూస్తే తిరణాలలో బొమ్మల కొట్టు. దానికితోడు కొట్లాటను మనం ముట్టుకోకుండానే నడిపించే మీట ఒకటి, అంతా పరుగులు పెట్టించే మీట ఒకటి. ఆడటానికి కొనుక్కుని, ఆడకుండా ఉండటానికి మీట! విస్తరి ముందు కూర్చుని, నా బదులు నువ్వు తినరా అన్నట్టుంది. ఆయన వాటి జోలికి పోలేదు.

"తొందర యెవురికి బావగారూ, మీకా నాకా?" అనేవారు.

ఇంకో రోత ఏమిటంటే, ఆ ఆటలో ఎవరింట్లోకైనా దూరి పెట్టె తెరిచి ఉన్నది తీసుకుపోవచ్చు. ఇంటివాళ్ళు అక్కడే నిలబడి ఉంటారు, ఏమీ అనరు.

"తీసుకో నాన్నా," అన్నాడు అల్లుడు. "అందరూ తీసుకుంటారు."

"ఆయమ్మ యెదురుగానే నిలబడుండాది గదరా అబ్బయా. మాట మాత్రం అడక్కుండా యెట్టా తీసేది?"

"అది బొమ్మ నాన్నా."

"బొమ్మైతే మాత్రం."

తీసుకోలేదు. తెర మీది మా నలుగురూ కథ పొడుగునా మొండి కత్తులతోనే నడిచారు. ఏ ఊరికి వెళ్ళినా ఆయన ప్రతి మనిషి దగ్గరా ఆగి పలకరించేవారు. వాళ్ళు చెప్పిన మాటే మళ్ళీ చెప్పేవాళ్ళు. నేను విసుక్కుంటే, "మీరూ చెప్పిందే చెప్తారు గదా బావగారూ. నేను వింటా ఉండానా లేదా?" అన్నారు.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను బడికి పోయింది తక్కువ. శనగల పొట్లం విప్పి, ఆ కాగితం మీద తెలుగూ ఇంగ్లీషూ అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి. పొట్లం కాగితంలో కథ ఎప్పుడూ మధ్యలో తెగిపోతుంది. చివర ఏమైందో తెలియని కథలు నాలో ఇప్పటికీ అరగకుండా ఉన్నాయి. కాబట్టి ఆట మీద ఎంత ఏవగింపున్నా, దాని చివర మీదే నా ప్రాణం. ఆయనదీ అంతే. ఇక గుండెను నమ్ముకోవద్దని డాక్టరు చెప్పిన రోజున కూడా, "దీని చివర చూసే పోతాలే బావగారూ" అన్నారు.

నెలల తర్వాత ఆఖరి మేడ పైకి చేరాం. తలుపు తెరుచుకుంది. వెలుగులో, రెక్కలతో ఒక ఆకారం నిలబడి మాట్లాడింది. నేను చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివాను.

"యేమంటాడు?"

"ఈ లోకాన్ని తనే చేసినాడంట బావగారూ. తనే దేవుడంట. మనం చంపాల్సింది ఆయన్నే."

"సరిగ్గా చదివినారా?"

"రెండు తూర్లు చదివినా."

"అబద్ధమేమో. సైతానుకు అలవాటే గదా."

అల్లుణ్ణి పిలిచి అడిగాం. వాడు నవ్వాడు. "అబద్ధం కాదు నాన్నా. ఇట్టాంటి పాత ఆటల్లో చాలావాటికి చివర దేవుణ్ణే కొట్టాల. ఇంకో దారి ఉండదు."

"థూ," అన్నారు మా వియ్యంకుడు గారు. ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదలు. ఆట రిమోటు ఒళ్ళో పెట్టుకున్నారు.

"బొమ్మ దేవుడే గదా బావగారూ," అన్నాను. నాకు చివర కావాలి మరి.

"నిజమే. కానీ ఇయాళో రేపో నేను ఆయన ముందర నిలబడాల్సినోణ్ణి. వచ్చే ముందు యేం చేసొచ్చినావురా అంటే యేం జెప్పేది? నీ మీద చెయ్యెత్తేది నేర్చుకోనొచ్చినా అని జెప్పేదా? పోనీ, మీరు కొట్టండి."

"నా లెక్క ఇప్పటికే బాగాలేదు," అన్నాను. నేను క్రిస్మసుకు మాత్రమే చర్చికి వెళ్ళే రకం.

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వి, ఆయన టీవీ ఆర్పేశారు.

ఆ తర్వాతా నేను వెళ్తూనే ఉన్నాను. మేడ దిగి పాత ఊళ్ళలో ఊరికే తిరిగేవాళ్ళం. ఒకరోజు ఉన్నట్టుండి అన్నారు: "ఆ మేడ మీదాయన కూడా ఒక మాట అనుండొచ్చు బావగారూ. యెండన బడి వచ్చినారు, కూర్చోండయ్యా అని మంచినీళ్ళిచ్చుంటే యీ కొట్లాటే లేదు గదా." అంతకు మించిన ప్రసంగం నేను ఏ మైకులోనూ వినలేదు. బొమ్మ దేవుణ్ణి కూడా కొట్టలేకపోయిన భక్తుణ్ణి నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. అది చెప్తే పరువు పోతుందని కూడికలో వాళ్ళంతా దాచారు.

కూడిక అయ్యాక కుర్చీలు ఎత్తుతుంటే అల్లుడు టీవీ పెట్టాడు. "నాన్న ఆ మేడ కాడే ఆపేసినాడు మామా. పది నిమిషాల పని. ముగించేస్తా, చూస్తారా?"

వాడు పరుగుల మీట నొక్కడం చూసి వరండాలోకి వచ్చేశాను. లోపల మోత కాసేపు వినిపించి ఆగింది. మా అమ్మాయి బయటికి వచ్చింది.

"అయిపోయింది నాన్నా. చివర యేమైందో చెప్పేదా?"

"వొద్దమ్మా," అన్నాను.

చెప్పులు వేసుకుని రోడ్డు మీదికి వచ్చాను. గూడూరు బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంటే కూర్చున్నాను.